గోళం ముఖం చాటేసింది

తాటిచెర్ల ప్రాథమికోన్నత పాఠశాలకు ఘనాకారాల పెట్టె వచ్చిన రోజున హైమావతి టీచర్ నిజంగానే సంతోషించింది. అప్పటిదాకా ఏడో తరగతి పిల్లలకు ఆ పాఠం ఆవిడ వంటింటి సామానుతోనే నడిచేది. సబ్బుబిళ్ళ దీర్ఘఘనం, అప్పడాల కర్ర స్థూపం, వేరుశెనగకాయల పొట్లం శంకువు. గోళానికి మాత్రం సున్నుండ తీసుకెళ్ళేది. దాంతో ఒకటే చిక్కు. నిర్వచనం పూర్తయ్యేలోపు ఎవడో ఒకడు కొరికేసేవాడు. ఆవిడ కోప్పడకుండా అర్ధగోళం పాఠం కూడా అప్పుడే చెప్పేసేది.

ఇప్పుడు ప్రభుత్వమే నున్నగా చిత్రిక పట్టిన చెక్క ఆకారాలు పంపింది. సమఘనం, దీర్ఘఘనం, స్థూపం, శంకువు, గోళం. అన్నీ పనసపండు రంగులో మెరుస్తూ, పెట్టె తెరవగానే కొత్త వార్నిష్ వాసన కొట్టాయి.

పెట్టె తెరవడానికి మండల విద్యాధికారి వరప్రసాదం గారు స్వయంగా వచ్చారు. గుండ్రటి ముఖం, మెరిసే బట్టతల, కళ్ళజోడు, ఆ ముఖానికంతటికీ సరిపడా మీసం. ఆయన కంటే ముందే ఆయన బొమ్మ వేసిన ఫ్లెక్సీ వచ్చి వరండాలో వేలాడింది. అందులో ఆయన ముఖం బస్తా అంత ఉంది. ఆకారాలు కింద మూల అక్షింతల్లాగా పడి ఉన్నాయి.

"ఘనం అనగా నేమి?" అని ఆయన పిల్లల్ని అడిగి, వాళ్ళు చెయ్యెత్తే లోపే తనే చెప్పారు. "ఘనంగా ఉండునది! కావున ఘనాకారాలను ఘనంగా బోధించవలెనని ప్రభుత్వ సంకల్పం. పొడవు, వెడల్పు, ఎత్తు అను మూడు కొలతలలోను విద్యను విస్తరింపజేయుచున్నాం."

పిల్లలు ఘనంగా చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్ళిపోయారు. ఫ్లెక్సీ ఉండిపోయింది.

మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

అంతకుముందు పంపిన సైన్సు పెట్టెలు బీరువాల్లోంచి బయటికే రాలేదనీ, వాటిల్లో ఎలుకలు కాన్పులు కూడా చేసుకున్నాయనీ పైవాళ్ళెవరో కనిపెట్టారట. ఈసారి అలా జరగకూడదు. ఆకారాలు రోజూ బడికి రావాలి. వచ్చినట్టు రుజువు ఉండాలి. కాబట్టి 'ఘనదర్శిని' అనే యాప్‌లో ప్రతి ఆకారానికీ ప్రతి ఉదయం హాజరు వెయ్యాలి. పెట్టెలో ఏ ఒక్క ఆకారానికి హాజరు లేకపోయినా ఆ బడిలో గణితబోధన జరుగుట లేదని భావించి, ఆరు, ఏడు తరగతులను సమీప ఉన్నత పాఠశాలలో విలీనం చేయుదురు.

సమీప ఉన్నత పాఠశాల హైవే అవతల ఉంది.

హెడ్మాస్టర్ గవర్రాజు గారు సర్క్యులర్ రెండుసార్లు చదివి, "హాజరే కదండీ. మనకి అలవాటేగా," అన్నారు. ఆయన రిటైర్మెంటుకి దగ్గర పడ్డారు. ఏ కాగితం వచ్చినా అలవాటేగా అనుకుంటే రక్తపోటు అదుపులో ఉంటుందని డాక్టరు చెప్పాడు.

ఘనదర్శిని తయారుచేసినవాళ్ళూ, టీచర్లకీ అధికారులకీ ముఖ హాజరు యాప్ తయారుచేసినవాళ్ళూ ఒకళ్ళే. కష్టపడి పేరు మాత్రం మార్చారు. హైమావతి ఫోన్ తీసి సమఘనం ఎదురుగా పెట్టింది.

"ముఖాన్ని చట్రంలో ఉంచండి," అంది ఫోన్.

ఉంచింది.

"దయచేసి కళ్ళు ఆర్పండి."

సమఘనం ఆర్పలేదు.

"ఏంటండీ, ఆర్పదేం?" అన్నారు హెడ్మాస్టర్.

"సమఘనం మాస్టారూ."

"అయితే మాత్రం? ఒకసారి గట్టిగా చెప్పి చూడండి."

గట్టిగా చెప్పి చూశాక హైమావతి సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల ఒక కుర్రాడు చాలా మర్యాదగా మాట్లాడాడు. కళ్ళు లేవంటే తీసేస్తానన్నాడు. ముఖాలు మాత్రం ఉండాలన్నాడు. "మీ ఐటమ్‌కి ముఖాలెన్ని మేడమ్?"

"సమఘనానికి ఆరు."

"ఆరా! సూపర్ మేడమ్. ఆరూ చూపించండి, చాలు. దీర్ఘఘనం?"

"దానికీ ఆరే. స్థూపానికి చదునైనవి రెండు. శంకువుకి ఒకటి."

"గోళం?"

హైమావతి కాస్త ఆగింది. ఆగినందుకు తర్వాత చాలాసార్లు ఆలోచించింది. కానీ ఆవిడకి లెక్క తప్పు చెప్పడం చేతకాదు. కూరలవాడు తనకి లాభంగా పొరపాటుపడితే సందు చివరిదాకా వెంటపడి సరిచేసే మనిషి.

"సున్నా," అంది. "చదునైన ముఖం ఒక్కటీ ఉండదు. ఉన్నదంతా వక్రతలమే."

"సున్నా కొట్టేశాను మేడమ్. హ్యావ్ ఎ నైస్ డే."

మర్నాటి నుంచి ఘనదర్శిని చక్కగా పనిచేసింది. సమఘనం ఆరు ముఖాలూ తిప్పి చూపిస్తే 'హాజరు' అంది. స్థూపం దొర్లిపోతుంటే పట్టుకుని రెండు చివర్లూ చూపిస్తే 'హాజరు' అంది. శంకువుని బోర్లించి అడుగు చూపిస్తే కొంచెం ఆలోచించి 'హాజరు' అంది. గోళాన్ని ఎటు తిప్పినా ఒకటే మాట.

"ముఖం లేదు. గైర్హాజరు."

ఈ హాజరు పూర్తయ్యేసరికి గణితం పీరియడ్ అయిపోయి గంట కొట్టేసేవారు. వార్నిష్ పోతే ముఖాలు గుర్తుపట్టదని పిల్లల్ని ఆకారాలు ముట్టుకోనివ్వడం మానేశారు. బెంచీల్లోంచే చూసి నేర్చుకున్నారు పాపం. ఒకరోజు హైమావతి పోనీ పాఠం ఎంతవరకు వచ్చిందో చూద్దామని అడిగింది.

"గోళానికి ముఖాలెన్ని?"

"ఆబ్సెంటండీ!" అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

అదే వారంలో నూకరాజు మధ్యాహ్న భోజనం వేళకి బడి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అతని కూతురు లోవకుమారి ఏడో తరగతి. అందరూ లోవ అంటారు. లెక్కల్లో చురుకు, ముగ్గులో ఇంకా చురుకు. వినాయకచవితికి పేటలో ప్రతి మట్టి విగ్రహానికీ కళ్ళు దిద్దేది ఆ పిల్లే.

"ఏటండీ టీచరుగారూ, బడి రోడ్డవతలకి పోద్దంట గదా?"

"ఇంకా ఏం తేలలేదు నూకరాజూ."

"తేలాక ఓ ముక్క సెప్పండి. పిల్లని అవతలికి పంపనండి. ఆ లారీలోళ్ళు మేకలకే ఆగరు, పిల్లలకి ఆగుతారా? మా అప్ప రొయ్యల షెడ్డులో ఉందండి. ఆడికి పంపేత్తాను."

"పన్నెండేళ్ళ పిల్లని రొయ్యలు ఒలవడానికి పంపుతావా?"

"రోడ్డు మీదకంటే నయం కాదేటండి?"

లోవ కంచం కడుక్కుంటూ, ఈ మాటలేవీ తనవి కానట్టు, "మా నాన్న మాటన్నాడంటే అంతేనండి," అంది. అని, కంచాన్ని అవసరమైనదానికంటే ఎక్కువసేపు తోముతూ ఉండిపోయింది.

హైమావతి ఆ సాయంత్రమే విద్యాధికారికి వివరంగా రాసింది. గోళం రోజూ బడిలోనే ఉంటోందని, దానికి ముఖాలు లేకపోవడం దాని స్వభావమని, ఉన్నది వక్రతలమని. మెమో వెంటనే వచ్చింది.

'మీ పాఠశాలకు చెందిన గోళము దీర్ఘకాలముగా ముఖము చాటేయుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. దాని తలము వక్రముగా నున్నదని మీరే అంగీకరించి యున్నారు. వక్రమైనదానిని సక్రమ మార్గమున పెట్టుట ఉపాధ్యాయుని ప్రథమ కర్తవ్యము. సదరు గోళమును బడి మానిన బాలబాలికల కోవలో చేర్చడమైనది. తక్షణమే గోళము యొక్క తల్లిదండ్రులను గాని, సంరక్షకుని గాని కలిసి, కౌన్సెలింగ్ జరిపించి, ఫొటో పంపవలెను.'

గవర్రాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అలవాటే కదా అనుకుందామంటే ఇది అలవాటు లేదండి. గోళానికి సంరక్షకుడెవరు?"

హైమావతి పెట్టె మూత తిరగేసి చూసింది. సరఫరా చేసినవారు, మండల విద్యాధికారి కార్యాలయం.

ఆ విధంగా గోళాన్ని పాత తువ్వాల్లో చుట్టి, ఆటో ఎక్కించుకుని, ఇద్దరూ విద్యాధికారి దగ్గరికే కౌన్సెలింగుకి తీసుకెళ్ళారు. వరప్రసాదం గారు మెమో మీద తన సంతకం చూసుకున్నారు, మూత మీద తన కార్యాలయం పేరు చూసుకున్నారు. నియమం నియమమే. గోళాన్ని బల్ల మీద పెట్టించుకుని గొంతు సవరించుకున్నారు.

"చూడమ్మా గోళం. ప్రభుత్వం నీకోసం ఎంతో చేస్తోంది. సమఘనాన్ని చూడు, ఆరు ముఖాలతో రోజూ వస్తోంది. శంకువుకి ఉన్నది ఒకే ఒక్క ముఖం. అయినా వస్తోంది. నీకేం తక్కువైందని?"

గోళం మెల్లగా దొర్లి బల్ల అంచుదాకా వెళ్ళింది.

"వినయం కూడా లేదు," అన్నారాయన.

గుమాస్తా ఫొటో తీశాడు. ఇద్దరూ చట్రంలో పడాలని ఆయన గోళాన్ని భుజానికి ఆనించుకున్నారు. ఫొటో చూసి గుమాస్తా, "ఇందులో సంరక్షకుడెవరో బాణం గుర్తు పెట్టమంటారా సార్?" అని అడిగి, వెంటనే టీ తేవడానికి వెళ్ళిపోయాడు.

"అయ్యా, సహాయ కేంద్రానికి మీరో మాట చెప్పి ఆ హాజరే తీయించెయ్యండి," అంది హైమావతి.

"పోనీ మీరే ఫోన్ చేసి, గోళానికి ఒక ముఖం ఉందని చెప్పెయ్యొచ్చుగా?"

"పిల్లలకి సున్నా అని చెప్పి ఫోన్లో ఒకటని ఎలా చెప్పనండి?"

ఆయన ఆవిణ్ణి జాలిగా చూశారు. "అమ్మా, మీరు పాఠ్యపుస్తకం దగ్గరే ఆగిపోయారు. ప్రభుత్వానికి కావలసినది ముఖం. లేకపోతే ఒకటి కల్పించండి. ఎవరిదని అడగలేదు కదా?"

కల్పించమన్నది అధికారి నోటిమాట. మర్నాడు నల్లరంగు, కుంచె తెచ్చి గోళానికి ముఖం దిద్దే పని మొదలైంది. మొదట గవర్రాజు గారు తనే ఒక పాపాయి ముఖం వేశారు.

"దయచేసి కళ్ళు ఆర్పండి," అంది ఫోన్. కళ్ళు కనిపించేసరికి దానికి పాత బుద్ధులన్నీ వచ్చేశాయి.

అందరూ తెల్లబోయారు. లోవ ముందుకొచ్చి గోళాన్ని రెండు చేతులతో పట్టుకుని, కిందికి ఒకసారి దొర్లించి మళ్ళీ పైకి తెచ్చింది. కళ్ళు మాయమై, తిరిగొచ్చాయి.

"ధన్యవాదాలు. గుర్తు తెలియని వ్యక్తి," అంది ఫోన్.

"అదిగో, దానికి తెలిసిన ముఖం కావాలండి," అంది లోవ. "ఎవరిది ఎయ్యమంటారు?"

"ఎవరిదో ఒకరిది వెయ్యవే. చూసి వెయ్యడానికి ఎదురుగా ఏది ఉంటే అది," అన్నారు హెడ్మాస్టర్ విసుగ్గా.

ఎదురుగా ఫ్లెక్సీ ఉంది.

లోవ పాపాయిని తుడిచేసింది. కళ్ళజోడు వేసింది. మీసం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక్కో వెంట్రుకా లాగింది. బట్టతలకి వెయ్యాల్సిందేమీ లేదు, వార్నిష్ ఉండనే ఉంది. పని పూర్తయ్యాక పిల్లలంతా తమకు తెలియకుండానే లేచి నిలబడ్డారు.

హైమావతి ఫోన్ పెట్టింది. లోవ కిందికీ పైకీ దొర్లించింది.

"స్వాగతం వరప్రసాదం గారూ! తాటిచెర్ల పాఠశాలలో మీ తనిఖీ నమోదైనది."

"సార్ వచ్చేశారా!" అంటూ గవర్రాజు గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు దాకా పరుగెత్తారు. అక్కడ ఒక మేక తప్ప ఎవరూ లేరు.

సాయంత్రం విద్యాధికారి ఫోన్ చేశారు. గొంతులో ఏదో కొత్త మెత్తదనం.

"హైమావతి గారూ, ఇవాళ నేను మీ బడికి వచ్చానా?"

"యాప్ వచ్చారంటోందండి."

"వస్తే... ఎంతసేపు ఉన్నాను?"

"బడి వదిలేదాకా బీరువా మీదే ఉన్నారండి."

"పై నుంచి ఇప్పుడే మెచ్చుకోలు వచ్చింది. ఇంత నిదానంగా తనిఖీ చేసిన అధికారి జిల్లాలోనే లేడట." అన్నారాయన. "బీరువా మీద దుమ్ము లేకుండా చూడండి."

అప్పటినుంచి ఆయన రోజూ వచ్చారు. ఉదయమే హాజరు, రోజంతా తనిఖీ. పిల్లలు కూడా అలవాటుపడ్డారు. బీరువా ముందునుంచి వెళ్ళేటప్పుడు "నమస్తే సార్" అని వెళ్ళేవాళ్ళు. గవర్రాజు గారైతే దాని ముందు సిగరెట్ ప్రస్తావన కూడా తెచ్చేవారు కాదు. కార్యాలయానికి వెళితే అసలు విద్యాధికారి కనిపించడం మానేశారు. "సారు తాటిచెర్ల తనిఖీలో ఉన్నారు," అని గుమాస్తా అందరికీ చెప్పి పంపేవాడు.

అంతా బాగానే ఉంది కానీ ఒక సంగతి అందరూ మరిచారు. గోళం వరప్రసాదం గారుగా హాజరవుతోంది. గోళంగా హాజరవడం లేదు.

ఒక సోమవారం విలీనం ఉత్తర్వు ఫోన్లోకి వచ్చి పడింది. 'సదరు పాఠశాల గోళము కౌన్సెలింగ్ అనంతరము కూడ ముఖము చూపనందున ఆరు, ఏడు తరగతులు విలీనము చేయుటకు ప్రతిపాదించడమైనది. మండల విద్యాధికారి పాఠశాల ఆవరణలో స్వయముగా ముఖము చూపి, నేటి సాయంత్రములోగా ఆమోదము గాని తిరస్కరణ గాని తెలుపవలెను. పిదప ఎట్టి మార్పునకు తావు లేదు.'

గవర్రాజు గారు విద్యాధికారికి ఫోన్ చేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశారు. అందుబాటులో లేరంది. కార్యాలయానికి చేస్తే గుమాస్తా, "సారు మీ దగ్గరే ఉన్నారు కదండీ," అన్నాడు.

అందరూ బీరువా వైపు చూశారు.

హైమావతి ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆవిడ జీవితంలో తప్పు లెక్క చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ లెక్క అడగడం లేదు. ముఖం చూపించమన్నారు, అంతే. వెనక బెంచీలో లోవ అప్పటికే పుస్తకాలు సంచిలో సర్దేసి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. షెడ్డుకి పుస్తకాలు అక్కర్లేదు.

"లోవా, ఇలా రా. సార్‌ని కిందికి దించు."

లోవ గోళాన్ని దించి, కొంగు లేదు గనక చున్నీ అంచుతో మీసం మీది దుమ్ము తుడిచింది. కిందికి దొర్లించింది, పైకి తెచ్చింది.

"స్వాగతం వరప్రసాదం గారూ! మీ నిర్ణయం?"

హైమావతి 'తిరస్కరణ' మీద నొక్కింది. కారణం అడిగింది. 'హైవే దాటడం పిల్లలకు ప్రమాదం' అని రాసింది. అందులో తప్పేమీ లేదు.

"మీ నిర్ణయం ఖరారైనది. మీ ముందుచూపునకు అభినందనలు."

రెండో రోజు పొద్దున్నే ఒక మనిషి బడి గేటు తోసుకుని వచ్చాడు. నున్నటి గుండు, నున్నటి పెదవి, చేతిలో పెద్ద సంచి.

"ఎవరు కావాలండి?" అన్నారు గవర్రాజు గారు.

"నేనేనయ్యా!"

గొంతు విని హెడ్మాస్టర్ లేచి నిలబడ్డారు. ముఖం చూసి మళ్ళీ కూర్చోబోయారు. సంచిలోంచి యాలకులు, నెయ్యి, పచ్చకర్పూరం కలిసిన వాసన వచ్చింది. తిరుపతి లడ్డూలు. ఎక్కణ్ణుంచి వచ్చారని ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

"నేను తిరస్కరించానట! పైవాళ్ళు అభినందిస్తూ మెసేజ్ పెట్టారు. నేనెప్పుడు తిరస్కరించాను?"

"సోమవారమండి. ఇక్కడే," అంది హైమావతి, బీరువా మీదకి చూపిస్తూ.

ఆయన గోళాన్ని చూశారు. తన మీసం చూసుకుని అప్రయత్నంగా పై పెదవి తడుముకున్నారు. "ఇది చెల్లదు! సోమవారం నేనిక్కడ లేనని ఇప్పుడే రాసి ఇస్తాను."

"రాయండి," అంది హైమావతి నెమ్మదిగా. "అయితే అంతకుముందు రోజులు కూడా లేరని రాయాల్సొస్తుందేమోనండి. మెచ్చుకోలు వచ్చిన రోజుతో సహా. సోమవారం ఎక్కడున్నారో కూడా అడుగుతారు. సెలవు చీటీ ఇచ్చారా?"

వరప్రసాదం గారు కుర్చీలో కూర్చున్నారు. గుండు మీద చెమట తుడుచుకున్నారు.

"గట్టిగా ఆలోచించే తిరస్కరించాను," అన్నారు చివరికి. "ఆ రోడ్డు నిజంగానే ప్రమాదం. నేనే చెబుతున్నాను."

తర్వాత అలవాటుగా తన ఫోన్ తీసి ముఖానికి ఎదురుగా పెట్టుకున్నారు. కళ్ళు ఆర్పారు.

"గుర్తు తెలియని వ్యక్తి. పాఠశాల ఆవరణలో అపరిచితులు ఉండరాదు."

మళ్ళీ ఆర్పారు. మళ్ళీ అదే. కళ్ళజోడు సర్దుకుని, తల ఎత్తి, దించి, లడ్డూ సంచి పక్కన పెట్టి, నవ్వి, నవ్వు మానేసి చూశారు. ఫోన్ ఒప్పుకోలేదు. గవర్రాజు గారు కిటికీలోంచి హైవే వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆఖరికి ఆయన గొంతు తగ్గించి, "పాపా, నీ పేరేంటమ్మా?" అన్నారు.

"లోవకుమారండి."

"నన్ను... అదే, దాన్ని ఒకసారి దించుతావా? ఇవాళ్టి హాజరు వేసుకోవాలి."

లోవ దించింది. కిందికి దొర్లించి పైకి తెచ్చింది. స్వాగతం వరప్రసాదం గారూ, అంది ఫోన్. ఆయన కూడా పక్కనే నిలబడి, అది తననే అన్నట్టు తలూపారు.

ఆనాటి నుంచి విద్యాధికారి రోజూ పొద్దున్నే తాటిచెర్ల వస్తున్నారు. గంట కొట్టకముందే వరండాలో ఉంటారు. ఒకరోజు లోవకి జ్వరమని తెలిసి, "పిల్ల రాకపోతే ఎలాగండీ!" అంటూ మందుబిళ్ళలు పట్టుకుని నూకరాజు ఇంటికే వెళ్ళారు. అంత పెద్దాఫీసరు తన కూతుర్ని బడికి పంపమని గుమ్మంలో నిలబడి బతిమాలుకుంటుంటే నూకరాజుకి షెడ్డు మాట మళ్ళీ ఎత్తే వీల్లేకపోయింది. విలీనం ఇక జరగదన్నది ఎలాగూ ఖాయం.

హాజరయ్యాక ఊరికే వెళ్ళిపోతే బాగుండదని ఆయన ఏడో తరగతి వెనక బెంచీలో కాసేపు కూర్చుంటారు. ఆయన తెచ్చిన లడ్డూలతోనే హైమావతి వదిలేసిన పాఠం మళ్ళీ మొదలుపెట్టింది. ఒక లడ్డూ ఎత్తి పట్టుకుంది. మొదటి బెంచీలో అప్పుడే ఎవడో నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

"గోళానికి ముఖాలెన్ని?"

"సున్నా అండీ!" అంది క్లాసు.

"మీరు చెప్పండి సార్," అంది హైమావతి, వెనక బెంచీ వైపు చూసి.

వరప్రసాదం గారు లేచి నిలబడ్డారు. పై పెదవి తడుముకున్నారు. ఇంకా గరుకు తగలడం లేదు.

"మీసం వచ్చేదాకా ఒకటమ్మా," అన్నారు.